రాజీకి మమ్మల్నెవురూ పిల్చలేదు

మా కడప జిల్లాలో శాంతి అనే మాట పుస్తకాల్లోనూ చర్చిలోనూ పోలీసు మైకులోనూ వినపడే మాట. ఊళ్లో దానికి వేరే పేరుంది. రాజీ. "రాజీ అయిపాయనంట", "రాజీకి కూచున్నారంట", "ఆ కేసు రాజీలో పాయ" అంటారు. ఇద్దరు పెద్దమనుషులు, ఇద్దరూ రెడ్లే, పదేండ్లు ఒకరి మనుషుల్ని ఒకరు నరికించుకుంటారు. ఎలక్షన్లు దగ్గరికొచ్చినప్పుడో, కాంట్రాక్టులో చెరిసగం కుదిరినప్పుడో, బిడ్డలు పెండ్లి ఈడుకొచ్చినప్పుడో ఏ గుడికాడనో, ఏ లాయరింటి మిద్దె మీదనో కూర్చొని ఒకే పంక్తిలో అన్నం తింటారు. మరుసటిరోజు పేపర్లో పడుతుంది, ఫలానా గ్రామంలో శాంతి నెలకొందని. ఆ పంక్తిలో మా మాలపల్లె వాళ్లు లేరు. మాదిగ గేరి వాళ్లు లేరు. పోయిన ప్రాణాల లెక్క తీస్తే మాత్రం మా వాటా తక్కువేం గాదు.

యుద్ధమంటే దేశానికీ దేశానికీ మధ్య జరిగేదనే చాలామంది అనుకుంటారు. దేశాల యుద్ధాన్నీ ఊరి యుద్ధాన్నీ రెండింటినీ ఒంటిమీద మోసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. మా చిన్నమ్మ. తన పేరు రాయొద్దంది. ఊరి పేరు నేనే రాయడంలేదు. జమ్మలమడుగు తాలూకా అంటే చాలు. ఆ రెండు రెడ్లిండ్లూ ఇంకా ఉండాయి, మా బంధువులూ ఇంకా ఆ ఊళ్లోనే ఉండారు.

బయటి జిల్లాల విద్యార్థులకు ఒక సంగతి చెప్పాల. 1999లో సమరసింహారెడ్డి సినిమా వచ్చినప్పట్నుంచి ఫ్యాక్షనంటే తెల్లచొక్కాలు, గాల్లో లేచే సుమోలు, తొడగొట్టడాలు అయిపోయింది. అందులో నరికేవాడికి పేరుంటుంది, కథ ఉంటుంది, పాట కూడా ఉంటుంది. నరికించుకునేవాళ్లు గుంపు. ఆ గుంపులో ఉండేది మేము. ఊళ్లో ఎవురూ ఫ్యాక్షన్ అనరు, పార్టీ అంటారు. "మీది ఏ పార్టీ?" అంటే కాంగ్రెసా తెలుగుదేశమా అని కాదు, ఏ రెడ్డి పక్క అని. ఆ పక్కను మేం ఎంచుకునేది లేదు. ఎవరి శెనగచేలో కోతకు పోతే ఆ పార్టీ. ఎవరి కాడ జొన్నలు అప్పుదెచ్చుకుంటే ఆ పార్టీ. మా పల్లెలో బాయికి ఈ పక్క ముప్పై ఇండ్లు ఒక రెడ్డికి, ఆ పక్క ఇరవై ఇండ్లు ఇంకొక రెడ్డికి. ఒక తల్లి బిడ్డలు చెరొకవైపు పడినోళ్లున్నారు. బాలగోపాల్ ఈ ముఠాల మీద ఏండ్ల తరబడి రాసినారు, తిరిగి చూసి రాసినారు. ఊరి పెత్తనం కాడ పుట్టిన కక్ష సారాయి పాటలకూ రోడ్ల కాంట్రాక్టులకూ గనులకూ ఎట్ల ఎగబాకిందో చదువుకున్నోళ్లకు ఆయన రాతలతోనే తెలిసింది. మాకు కూలితోనే తెలిసింది.

మా చిన్నాయన పదేండ్లప్పుడు జీతానికి కుదిరినాడు. ఎద్దులు కాసినాడు, మడక దున్నినాడు. మీసం వచ్చినాక రెడ్డి ఎనక నడిచే మనుషుల్లో ఒకడైనాడు. దీన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లు అప్పట్లో మా పల్లెలోనే ఉండిరి. నేనది ఒప్పుకోను, కానీ అర్థమవుతుంది. పగలంతా "ఒరే" అనిపించుకున్నవాడు సాయంత్రం ఒక సంచి చంకనేసుకొని రెడ్డి పక్కన జీపులో కూచుంటే వాడికెట్ల ఉంటుంది? టీ గ్లాసు మాత్రం జీపు దిగినాక వేరేనే. 1986లో జమ్మలమడుగు కోర్టుకు వాయిదా ఉండె. రెడ్డి ఆ పొద్దు బయల్దేరలేదు, ముందు మనుషుల్ని పంపిచ్చినాడు. దారిలో కాపుగాసినోళ్లు ఖాళీచేతుల్తో పోకూడదు గదా. మా చిన్నాయన్ను చంపినారు. ఆయనకు ఇరవై ఎనిమిదేండ్లు. చిన్నమ్మకు ఇద్దరు బిడ్డలు, ఒకటి చంకలో.

హత్య కేసును రాజీ చేసుకునేదానికి చట్టం ఒప్పుకోదు. దొంగతనమైతే, చిన్న కొట్లాటైతే రాజీపడొచ్చు, హత్యకు ఆ దారి లేదు. అయినా మా జిల్లాలో ప్రతి రాజీలోనూ హత్య కేసులే ముందు పోతాయి. ఎట్లంటే సాక్షులు. "చీకట్లో గుర్తుపట్టలేదు సార్" అని ఒక్క మాట. చిన్నాయన కేసులో ముఖ్యమైన సాక్షులు నలుగురు మా పల్లెవాళ్లే. 1989లో రెండిండ్లకూ రాజీ కుదిరింది. మా రెడ్డి చావిట్లోకి పిలిపించి సాక్షులకు చెప్పాల్సింది చెప్పినాడు. చిన్నమ్మకు పదిహేను వేలు, ఒక పాడి ఆవు ఇస్తామన్నాడు. డబ్బులో పదకొండు వేలు చేతికొచ్చినాయి. ఆవు రాలేదు.

ఆ ఏడే పార్లమెంటు షెడ్యూల్డ్ కులాలు, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం చేసింది, 1990 జనవరి ఆఖర్లో అమల్లోకొచ్చింది. చిన్నాయనకు అది అందలేదు. అందినా ఏమయ్యేదో ఆ తర్వాత వరసగా చూసినాం. హత్యలాంటి పెద్ద నేరాలకు ఆ చట్టం వర్తించాలంటే, చనిపోయినవాడు దళితుడైన కారణం మీదనే చంపినారని రుజువు చేయాలని దాంట్లో రాసుండె. ఫ్యాక్షన్లో చనిపోయిన మాలోడికి, మాదిగోడికి ఆ మాట అడ్డం నిలబడింది. వీడు కులం వల్ల సావలేదు, పార్టీ వల్ల సచ్చినాడు అని పోలీసులంటారు. కులం లేకపోతే వాడు ఆ పార్టీలో ముందు వరసలో ఎందుకుండాల అని అడిగేవాడు లేడు. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణలో ఆ మాట తీసేసి, దళితుడని తెలిసి చేస్తే చాలన్నారు. ఇరవై ఆరేండ్లు పట్టింది ఒక్క మాట మార్చేదానికి.

పదకొండు వేలు అప్పులకే సరిపోయినాయి. 1990 మొదట్లో చిన్నమ్మ బిడ్డలిద్దర్నీ మా అవ్వ కాడ ఇడిసి, కడపలో ఒక ఏజెంటును పట్టుకొని, ఖద్దామా వీసా మీద కువైటుకు పోయింది. మా జిల్లా నుంచి అప్పటికే వేలమంది పోయుండ్రి. రాజంపేట, రాయచోటి పక్క ముస్లింలు, బలిజోళ్లు, మాలమాదిగలు. మా పల్లెనుంచి పోయిన మొదటి ఆడమనిషి చిన్నమ్మే. ఏడు నెలలు అరబ్బోళ్లింట్లో గిన్నెలు తోమింది. ఆగస్టు 2న తెల్లారేపాటికి సద్దాం హుసేను ట్యాంకులు వీధిలో ఉండాయి. ఇంటివాళ్లు రెండు కార్లేసుకొని సౌదీ పక్కకు పోయినారు. చిన్నమ్మను ఇంటికి కాపలా పెట్టి పోయినారు.

ఈ కత ఆమె చెప్తుంటే మేం నవ్వేవాళ్లం, ఆమే నవ్విస్తుంది. "అంత పెద్ద ఇల్లు, నేనొక్కదాన్నే. రాణి మాదిరుంటి. తినేకి మాత్రం ఖర్జూరాలు తప్ప ఏంలే" అంటుంది. ఆ తర్వాత తెలుగోళ్లు, మలయాళపోళ్లు కొంతమంది గుంపై బస్సులో బాగ్దాదు మీదుగా జోర్డాను పోయినారు. సరిహద్దు కాడ ఎడారిలో గుడారాలు. నీళ్లకు వరస, రొట్టెకు వరస, దొడ్డికి పోయేకి కూడా వరస. అక్కడ అమ్మాను నుంచి ఎయిరిండియా విమానాలు మనవాళ్లను మోసుకొచ్చినాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా లక్షా డెబ్బై వేలకు పైన మందిని తెచ్చినారంటే ప్రపంచంలో ఎవరూ అంతమందిని విమానాల్లో తరలించలేదంటారు. బొంబాయిలో దిగి, మద్రాసు రైలెక్కి ముద్దనూరులో దిగింది. అప్పటికి జమ్మలమడుగుకు రైలు లేదు. ఒంటిమీది చీర, ఒక ప్లాస్టిక్ సంచి. ఇంటికొచ్చి చేసిన మొదటి పని, చిన్నోడు గుర్తుపట్టకపోతే వాడ్ని కొట్టింది. తర్వాత వాడ్ని పట్టుకొని ఏడ్చింది.

వచ్చినాక ఊళ్లో చూస్తే రాజీ ఇరిగిపోయుండె. రాజీలన్నీ అంతే. దాన్ని శాంతి అనుకున్నవాళ్లు పేపరోళ్లే.

1992 వేసవిలో ఒక పొద్దు పెద్ద ఊళ్లో ఆ పార్టీ మనిషిని, రెడ్డి తమ్మున్నే, బాంబులేసి చంపినారు. ఇంగ మాకు తెలుసు. మూడు దినాల్లోనో, దినాల కర్మ అయిపోయినాకనో బదులు తీర్చుకుంటారు. అందుకు మనుషులు కావాల. రెండు చావిళ్లనుంచీ పల్లెకు కబురొస్తుంది, పిలగాల్లను పంపమని. పంపేముందు సారాయి వస్తుంది. పాలిథిన్ పాకెట్లు, బస్తాకు బస్తా. ఆ కాలంలోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్లు సారాయి అంగడి మూయించిన వార్త మా పక్కకూ వచ్చుండె. చిన్నమ్మకు చదువు రాదు గానీ ఆ వార్త నాచేత మూడుసార్లు చదివించుకుంది. నేనప్పుడు పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికాడ ఉంటి.

ఆ సాయంత్రం పొద్దుగూకకముందే చిన్నమ్మ, మా అవ్వ, ఇంకా నలుగురైదుగురు ఆడోళ్లు చర్చి గంట కొట్టినారు. ఆదివారం గాదు, పండగ గాదు. మా చర్చి అంటే పెద్ద కట్టడమేం గాదు. లండన్ మిషనోళ్ల కాలంలో కట్టిన రాతిగోడలు, పైన నాపబండల కప్పు, ముందర ఒక అరుగు. గంట విని అందరూ వచ్చినారు. చిన్నమ్మ చెప్పిందేమంటే, పదహైదేండ్ల నుంచి ముప్పయ్యేండ్ల దాకా ఉన్న మొగపిల్లోల్లందరూ లోపలికి రావాల, ఈ రాత్రి నుంచి ఉపవాస కూడిక. పాస్టరయ్యగారు జమ్మలమడుగు నుంచి నెలకు రెండుసార్లు వచ్చేవాడు, ఆయనకు కబురు కూడా పంపలేదు. "ఆయనొస్తే వద్దంటాడు" అన్నది అవ్వ. బాయికి ఈ పక్కోళ్లు ఆ పక్కోళ్లు అంతా కలిసి లోపల కూచున్నాం. ఆరేండ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములు పక్కపక్కన చాప మీద. ఆడోళ్లు చుట్టూ. ముసిలోళ్లు వాకిట్లో.

రెండో రాత్రి మాదిగ గేరి ఆడోళ్లు వచ్చినారు. వాళ్ల పిలగాల్లనూ పిలుస్తుండ్రంట. వాళ్లకు వేరే చర్చి, వేరే బాయి. మా చర్చి గడప వాళ్లెప్పుడూ తొక్కలేదు. ఈ సంగతి రాయకుండా వదిలేస్తే బాగుంటుందని ఒక మిత్రుడన్నాడు, నేను వదలను. వాళ్లు అరుగు మీదనే నిలబడిపోయినారు. మా పెద్దోళ్లలో ఒకాయన "అరుగు మీద కూచోండి, గాలొస్తుంది" అన్నాడు. చిన్నమ్మ ఆయనకు జవాబు చెప్పకుండా లేసిపోయి, ఒకామె చెయ్యి పట్టుకొని లోపలికి దెచ్చి తన పక్కన కూచోబెట్టుకుంది. ఆమె ఎనకాల మిగిలినోళ్లు వచ్చినారు. దండోరా ఉద్యమం పుట్టేది ఇంకా రెండేండ్లకు. మాదిగల వాటా మాటొచ్చినప్పుడు మా మాలోళ్లలో కొంతమంది ఎంత చేదుగా మాట్లాడినారో నాకు తెలుసు. ఆ రాత్రి ఆ గడప దాటించింది మాత్రం భయమూ, చిన్నమ్మా.

రెడ్డి మనుషులు మూడో రాత్రి వచ్చినారు. ముందు మా పార్టీ వాళ్లే. వాకిట్లో నిలబడి పేర్లు పెట్టి పిల్చినారు. చిన్నమ్మ గుమ్మంలోకి పోయి, "ప్రార్థనలో ఉండారు నాయనా. దేవునికాడ కూచున్నోళ్లను లేపేకి కుదర్దు" అన్నది.

"ఎంతసేపు మే ప్రార్థన?"

"దేవుడెప్పుడు చాలంటే అప్పుడు."

వాళ్లల్లో ఒకడు మాలోడే, మాకు వరసకు మామ. తల దించుకున్నాడు. ఇంకొకడు "రేపట్నుంచి చేన్లలోకి ఎట్లొస్తారో చూస్తాం" అన్నాడు. పోయినారు. మరుసటి రాత్రి ఆ పక్క పార్టీ వాళ్లొచ్చినారు, వాళ్లకూ అదే జవాబు. ఆరో రాత్రి చర్చి ఎనక బీట్లో బాంబు పడింది. ఎవురేసినారో ఇప్పటికీ తెల్లేదు. ఎవురికీ తగల్లేదు, పెట్రోమాక్సు లైటు అదిరి ఆరిపోయింది. చీకట్లో ఒక చంటిబిడ్డ తప్ప ఎవురూ నోరు తెరవలేదు. అట్ల ఎంతసేపో. తర్వాత మా అవ్వ గొంతుతో పాట మొదలైంది. అవ్వకు పాడేకి రాదు, రాగం ఎప్పుడూ తప్పుతుంది. అందరూ ఆ తప్పు రాగంలోనే ఎత్తుకున్నారు.

పదకొండు రాత్రులు అట్ల జాగారం చేసినాం. పగలు నిద్ర, రాత్రి పాటలు, మధ్యలో గంజి. ఉపవాసమంటే నిజంగానే ఉపవాసం, ఎందుకంటే కూలి లేదు. ఎనిమిదో దినం పోలీసు పికెట్టొచ్చి బళ్లో దిగింది. బెంచీలు బయటేసి వంట చేసుకున్నారు, ఆ ఏడు బడి తెరిచేసరికి జులై అయింది. ఆ ఏడు పెద్ద ఊళ్లో ఇద్దరు చనిపోయినారు. మా రెండు పల్లెల్లో ఎవురూ చావలేదు, ఎవరిమీదా కేసు పడలేదు. బదులుగా రెండు పార్టీలూ కలిసి ఒక్క విషయంలో రాజీపడినాయి, మమ్మల్ని కూలికి పిలవకూడదని. మావాళ్లు ఎర్రగుంట్ల పక్క నాపరాయి గనులకు పోయినారు. దుమ్ము మింగినారు గానీ బతికినారు. పేపర్లో "గ్రామంలో ఉద్రిక్తత" అని నాలుగు లైన్లు వచ్చినాయి. చర్చి గురించి ఒక్క ముక్క లేదు. రాత్రి మేల్కొని యుద్ధాన్ని ఆపడమనే పనికి తర్వాత చాలా పేర్లు విన్నాను, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ. నాకు ఆ పనిని చూపించింది ఆ నాపబండల చర్చి.

1998లో నేను ప్రొద్దుటూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ ఉంటిని. మే 11న, 13న పోఖ్రాన్‌లో అణుబాంబులు పేల్చినారు. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ల కాడ టపాసులు కాల్చి, పంచిన లడ్డు నాకూ ఒకటి ఇచ్చినారు. మే 11 బుద్ధపౌర్ణమి. 1974లో మొదటి పేలుడుకు నవ్వే బుద్ధుడని పేరుపెట్టినారు. 1956లో అంబేద్కర్ లక్షల మందితో ఏ బుద్ధుని దగ్గరికి పోయినాడో, ఆ బుద్ధుని పేరు తెచ్చి బాంబుకు పెట్టడమంటే మాకెట్లుంటుందో వాళ్లకు తట్టి ఉండదు. తట్టినా లెక్కచేసి ఉండరు. సరిగ్గా పది దినాలకు, మే 23న, పులివెందుల పక్క రాజారెడ్డిని బాంబులేసి చంపినారు. జిల్లా అంతా బస్సులు ఆగిపోయినాయి. పెద్ద బాంబుకు లడ్డు తిన్న ప్రొద్దుటూరు, చిన్న బాంబుకు తలుపులేసుకొని కూచుంది.

ఆ ఆగస్టు 6న హిరోషిమా దినం జరపాలని కొందరు లెక్చరర్లు, సైన్సు ప్రచారం చేసేవాళ్లు, ఎర్రజెండాల వాళ్లు కలిసినారు. సాయంత్రం కొవ్వొత్తులతో మౌనంగా శివాలయం సెంటర్ దాకా నడవాల. నన్నూ పిల్చినారు. నేను పది మంది పల్లె పిలగాల్లను, ఊరినుంచి చిన్నమ్మను తీసుకొని పోయినాను. మా చేతుల్లో అట్టలుండె. వాటి మీద చుండూరు అని రాసుంది.

ఆగస్టు 6 మాకు రెండుసార్లు వస్తుంది. 1945లో హిరోషిమా. 1991లో గుంటూరు జిల్లా చుండూరు. ఎనిమిది మంది దళితులను, పోలీసులు ఊళ్లోనే ఉండంగ, పొలాల్లో తరిమి తరిమి చంపి, కొందరిని గోతాల్లో కట్టి తుంగభద్ర కాలువలో పడేసినారు. నిర్వాహకుల్లో ఒక లెక్చరర్, మంచివాడే, నన్ను పక్కకు పిల్చి "ఇది ప్రపంచ సమస్య, దాన్ని దీన్ని కలిపితే విషయం పలచబడుతుంది" అన్నాడు. హిరోషిమాలో ఆ ఏడాది చివరికల్లా లక్షా నలభై వేల మంది పోయినారని కూడా గుర్తుచేసినాడు. అంకెలు పక్కపక్కన పెడితే ఎనిమిది చిన్నదే. నేను వాదనకు దిగినాను, ఈ దేశంలో బాంబు వేయకుండానే ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యే పద్ధతి ఒకటుంది, దాన్ని మీరు యుద్ధమనరు ఎందుకని. గొంతు పెరిగింది. చిన్నమ్మ మధ్యలోకొచ్చి, "అబ్బీ, సచ్చినోళ్లకు కులానికొక కొవ్వొత్తి కావాల్నా? మా కొవ్వొత్తులు మేమే తెచ్చుకున్యాం లే" అన్నది. ఆయన నోరు మూతబడింది. రెండు రకాల అట్టలతోనే నడిచినాం. అరవై మందిమి ఉంటాం. దారిలో ఒకాయన టీ అంగట్లో నుంచి "ఏ పార్టీ ఇది?" అని అడిగినాడు.

చుండూరు కేసు ఏమైందో కుర్రవాళ్లకు తెలియాల. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకునేదాకా అక్కడివాళ్లు పోరాడినారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. మా జిల్లాలో సాక్షులు తిరిగిపోతే కేసులు పోతాయి. అక్కడ సాక్షులు పదహారేండ్లు నిలబడినారు, అయినా పోయింది.

ఆ 1998 ప్రాంతంలోనే చిన్నమ్మకు ఒక చెక్కొచ్చింది. కువైటు యుద్ధంలో నష్టపోయినవాళ్లకు పరిహారమివ్వాలని ఐక్యరాజ్యసమితి 1991లో ఒక సంఘం పెట్టింది. ఇరాకు నూనె అమ్మిన డబ్బులో వాటా కోసి ఇచ్చినారు. ఆ దేశం వదిలి రావాల్సి వచ్చిన ప్రతి కూలికీ, మేడ లేకపోయినా, చదువు రాకపోయినా, తక్కువలో తక్కువ రెండున్నర వేల డాలర్లు. చిన్నమ్మ ఏండ్ల కింద వేలిముద్ర వేసిన దరఖాస్తుకు అది వచ్చింది. రూపాయల్లో లక్షకు కొంచెం తక్కువ. బ్యాంకులో తీసుకొని రెండుసార్లు లెక్కపెట్టించి, నన్నడిగింది, "ఏడు నెల్లు పని చేసిన ఇంటికాడ్నుంచి తరిమితే లోకమంతా కలిసి ఇంత ఇచ్చింది గదా. మొగుణ్ణి చంపితే ఆ పదకొండు వేలెట్ల అబ్బీ?" నా దగ్గర జవాబు లేదు. దేశాల యుద్ధానికి నష్టం కట్టే లెక్క ఒకటుంది, ఎంత వంకరైనా. దరఖాస్తు ఉంది, నంబరుంది, వేలిముద్రకు విలువుంది. మా ఊరి యుద్ధానికి చావిట్లో రెడ్డి నోటిమాట ఒకటే ఉండె. ఆ డబ్బుతో ప్రొద్దుటూరు బయట రెండు సెంట్ల జాగా కొని ఊరు వదిలేసింది.

2003లో ఇరాకు మీద అమెరికా దాడికి సిద్ధమవుతున్నప్పుడు, ఫిబ్రవరి 15న లోకమంతా రోడ్లెక్కింది. మా దగ్గర మార్చిలో ముస్లింలు, వామపక్షాలు ఊరేగింపు తీసినారు. చిన్నమ్మ పోయింది. మైకిస్తే చిన్నగా, "సద్దామును నేను ఎరుగుదును, నా బతుకు ఆగం చేసినోడు. అయినా ఇప్పుడు ఆ బాంబులు పడేది ఆయన మీద గాదు, మళ్లా గిన్నెలు తోమేదాని మీదనే" అని దిగిపోయింది. ఆ పొద్దు మాట్లాడినవాళ్లలో మిగతావాళ్ల మాటలు నాకు గుర్తులేవు.

పులివెందుల సంగతి వేరు, కానీ దానికీ దీనికీ సంబంధముంది. తుమ్మలపల్లె యురేనియం గనికి 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జాదూగూడలో 1960ల నుంచి తవ్వుతున్న చోట ఆదివాసుల బతుకు ఏమైందో హక్కుల సంఘాలవాళ్లు కరపత్రాలేసి చెప్పినారు. వినేదానికంటే పోలీసులు ఎక్కువ కనిపించిరి. ఇంటికొక ఉద్యోగం, ఎకరాకు ఇంత అనే మాటే పైన నిలిచింది. 2007లో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి. అక్కడి పచ్చపిండి హైదరాబాదు అణు ఇంధన కర్మాగారానికి పోతుంది. వ్యర్థాల చెరువు కొట్టాల ఊరి పక్కన మిగులుతుంది. 2018 వచ్చేసరికి చుట్టుపక్కల రైతులు బోరునీళ్లు చెడినాయని, అరటి మాడిపోతోందని ఎండిన గెలలు పట్టుకొని కూర్చున్నారు. కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది.

మా చిన్నమ్మ బిడ్డను ఆ పక్కనే ఇచ్చినారు. అల్లుడు అరటితోటల్లో గెలలు మోసే కూలి. పరిహారం మాట్లాడేకి కంపెనీవాళ్లొస్తే పట్టా పాసుబుక్కు ఉన్నోళ్లనే పిలుస్తారు. తోట ఎండితే రైతుకు చెట్టుకింత అని లెక్కుంటుంది. ఆ చెట్ల కింద మోసిన భుజానికి లెక్కలేదు. వాళ్ల ఇంటికాడ అడిగితే అల్లుడు నవ్వి, "రాజీకి మనల్ని ఎప్పుడు పిల్చినారు మామా" అన్నాడు. ఆ మాట వానికి ఎవురు చెప్పినారో నాకు తెలుసు.

ఇప్పుడు ఆగస్టు 6న మేం చిన్న జట్టు కూచుంటాం. ప్రొద్దుటూరులో అంబేద్కర్ విగ్రహం కాడ, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా. చుండూరు ఎనిమిది పేర్లు చదువుతాం. తర్వాత మా మూడు తాలూకాల్లో పార్టీల కింద పోయిన పల్లెవాళ్ల పేర్లు, ఇంటివాళ్లు ఒప్పుకున్నవి మాత్రమే. చిన్నాయన పేరు చిన్నమ్మే చదవాల, ఆమెకు చదువు రాదు, అందుకని కాగితం లేకుండానే చెప్తుంది. డెబ్బై దగ్గర పడుతున్నా నాలుగు గంటలూ కింద బండ మీదనే కూచుంటుంది, కుర్చీ వేస్తే వద్దంటుంది. పోయినసారి ఇరవై ఏడు మంది. మాదిగ దండోరా పిల్లలు నలుగురు, ముస్లింలు ముగ్గురు, రెడ్ల పిల్లోడు ఒకడు. వాని తాత పేరు మా కేసు కాగితాల్లో ఉంది, అది వానికీ తెలుసు. కొవ్వొత్తులు కొనుక్కొచ్చేది వాడే.

ఈసారి పులివెందులలో కూచుందామని చిన్నమ్మ పట్టుబట్టింది. బస్టాండు కాడనా, కొట్టాల పక్కనా అనేది ఇంకా తేలలేదు. అనుమతికి స్టేషన్లో అర్జీ ఇచ్చినాం. అర్జీలో సంస్థ పేరు అని ఒక గడి ఉంది, దాంట్లో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలినాం. రైటరు అది చూసి, "ఏదో ఒక పార్టీ పేరు లేకుంటే పైకి పంపేకి కాదు" అన్నాడు. చిన్నమ్మ ఆధార్ కార్డు జిరాక్సులు రెండు అడిగినాడు, మూడు ఇచ్చినాం.